ఐర్లాండ్‌లో కొత్త ఐరిష్ మీడియం హైస్కూల్ ఎలా వస్తుంది? తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఐర్లాండ్‌లో పిల్లల్ని ఐరిష్ మీడియం ప్రైమరీకి పంపే తల్లిదండ్రులు, వాళ్లలో మన తెలుగువాళ్లు కూడా, ప్రతి ఏడాదీ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. జవాబులు తెలిసేసరికి పిల్లలు ప్రైమరీలో చివరిదైన ఆరో క్లాసుకు వచ్చేస్తున్నారు, అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ మిగులుతోంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎక్కడి నుంచైనా మొదలుపెట్టి మీకు కావలసింది మాత్రమే చదువుకోవచ్చు.

## మొదటి సందేహాలు

గేల్‌స్కోల్, గేల్‌ఖొలాష్టె రెండూ ఒకటేనా?

కాదు. గేల్‌స్కోల్ ప్రైమరీ బడి, గేల్‌ఖొలాష్టె హైస్కూల్, అంటే సుమారు 12 ఏళ్ల నుంచి 18 దాకా చదివేది. రెండిట్లోనూ ఇంగ్లిష్ సబ్జెక్టు తప్ప దాదాపు మిగతావన్నీ, లెక్కలు, సైన్సు, చరిత్ర, ఆటల పీరియడ్‌తో సహా, ఐరిష్‌లోనే జరుగుతాయి. గేల్తఖ్త్ అని పిలిచే ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లోని బడులకు 2016లో ప్రకటించిన వేరే ప్రభుత్వ విధానం ఉంది. ఇక్కడ రాసిందంతా ఆ ప్రాంతాల బయట, ఇంగ్లిష్ మాట్లాడే ఊళ్లలో కొత్తగా పెట్టే హైస్కూళ్ల గురించి.

ప్రైమరీలు ఇన్ని ఉన్నప్పుడు హైస్కూళ్లు ఎందుకింత తక్కువ?

ప్రైమరీలో సుమారు 8 శాతం మంది పిల్లలు ఐరిష్ మీడియంలో చదువుతుంటే హైస్కూల్‌కి వచ్చేసరికి అది 4 శాతం లోపుకు పడిపోతుంది. పిల్లలకు ఇష్టం లేక కాదు, చాలామందికి దగ్గర్లో స్కూలే లేదు. ప్రైమరీ అయితే ఒకప్పుడు తల్లిదండ్రులు రెండు గదులు అద్దెకు తీసుకుని కొద్దిమంది పిల్లలతో మొదలుపెట్టగలిగారు. హైస్కూల్‌కి ల్యాబులు కావాలి, ఒక్కో సబ్జెక్టుకు ఐరిష్‌లో చెప్పగల టీచర్ కావాలి, నాలుగైదు ప్రైమరీల నుంచి పిల్లలు వస్తే తప్ప నిలబడదు. పాత స్కూళ్ల చరిత్ర చూసినా వెనకాల ఎప్పుడూ ఒక పెద్ద సంస్థ కనిపిస్తుంది. డబ్లిన్ బూటర్స్‌టౌన్‌లో 1969లో మొదలైన కొలాష్టె ఓయిన్, 1971లో మొదలైన కొలాష్టె ఈసగాన్ క్రైస్తవ మఠ సంఘాలు పెట్టినవి, 1990లలో టాలాలో, లూకన్‌లో వచ్చినవి ఆనాటి స్థానిక వృత్తి విద్యా కమిటీల కింద వచ్చాయి.

ఇంట్లో తెలుగు, మాకు ఐరిష్ ఒక్క ముక్క రాదు. మా పిల్లలు చేరొచ్చా?

చేరొచ్చు. తల్లిదండ్రులకు ఐరిష్ రావాలన్న నిబంధన ఎక్కడా లేదు, ఐరిష్ కుటుంబాల్లోనే చాలామందికి సరిగ్గా రాదు. సీట్లు ఖాళీగా ఉంటే అడిగిన ప్రతి పిల్లనూ చేర్చుకోవాలని 2018 నాటి అడ్మిషన్ల చట్టం చెబుతోంది, ఇంటర్వ్యూలు పెట్టి వడపోయడానికి కూడా వీల్లేదు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే మాత్రం ఐరిష్ మీడియం ప్రైమరీల నుంచి వచ్చే పిల్లలకు ముందు వరుస ఇవ్వడం మామూలు. కాబట్టి ఇంగ్లిష్ ప్రైమరీ చదివి నేరుగా హైస్కూల్లో చేరాలంటే చట్టం అడ్డు రాదు, కానీ పిల్లకు మొదటి ఏడాది బాగా కష్టంగా ఉంటుంది, ఇది దాచిపెట్టాల్సిన విషయం కాదు.

ఐరిష్‌లో చదివితే ఇంగ్లిష్ దెబ్బతింటుందా? పై చదువుల మాటేమిటి?

ఇంగ్లిష్ చుట్టూ ఉన్న భాష, టీవీ, ఫోను, ఆటస్థలం అంతా అదే, దాని గురించి బెంగ అక్కర్లేదు. హైస్కూల్ చివర్లో ఉండే లీవింగ్ సర్టిఫికేట్ పరీక్షను పిల్లలు ఐరిష్‌లో రాయొచ్చు, ఇంగ్లిష్‌లో రాయొచ్చు, ఐరిష్‌లో రాస్తే చాలా సబ్జెక్టుల్లో అదనపు మార్కులు కలుస్తాయి, సబ్జెక్టును బట్టి 10 శాతం దాకా. ఐరిష్ సబ్జెక్టులో మొత్తం మార్కుల్లో 40 శాతం మాట్లాడే పరీక్షకే, ఈ పిల్లలకు అది రోజూ చేసే పనే. ఇంకొకటి, ఐర్లాండ్‌లో పుట్టిన మన పిల్లలు నేషనల్ యూనివర్సిటీ కిందకు వచ్చే డబ్లిన్, కార్క్, గాల్వే, మేనూత్ యూనివర్సిటీల్లో చేరాలంటే మినహాయింపు లేనిదే ఐరిష్ పాసై ఉండాలి. ప్రైమరీ టీచర్ కావాలనుకుంటే హయ్యర్ లెవెల్ ఐరిష్‌లో మంచి గ్రేడే రావాలి.

ఫీజులు కట్టాలా?

ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఈ స్కూళ్లలో ట్యూషన్ ఫీజు ఉండదు. స్వచ్ఛంద విరాళం అడుగుతారు, అది పేరుకు తగ్గట్టు స్వచ్ఛందమే. జూనియర్ సైకిల్ (హైస్కూల్ మొదటి మూడేళ్లు) పిల్లలకు 2024 నుంచి పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇస్తున్నారు, తర్వాత సీనియర్ తరగతులకూ ఆ పథకం విస్తరించారు. యూనిఫారం ఖర్చు మీదే.

## కొత్త స్కూల్ అవసరమని తేలే దశ

మేం ఓ యాభై కుటుంబాలం ఉన్నాం. నేరుగా కొత్త స్కూల్ కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చా?

పెట్టలేరు. అందరూ తడబడేది ఇక్కడే. 2011లో పద్ధతి మార్చాక క్రమం ఇలా ఉంది: ఫలానా ప్రాంతంలో కొత్త హైస్కూల్ కావాలని ముందు విద్యాశాఖ తనంతట తాను ప్రకటిస్తుంది, ఆ తర్వాతే దాన్ని ఎవరు నడపాలి, ఏ భాషలో నడపాలి అనే ప్రశ్న తెరుస్తుంది. ప్రకటన రాకముందు మీ దగ్గర యాభై కాదు ఐదు వందల కుటుంబాలున్నా దరఖాస్తు తీసుకునే కిటికీ అంటూ లేదు. అంటే ప్రకటన రాకముందు మీ పని శాఖ లెక్కల్లో మీ ప్రాంతం, మీ భాష కనపడేలా చేయడం, వచ్చాక మీ పని ప్రాధాన్యం నమోదు చేయించడం. ఈ రెండు పనులూ వేరు, మొదటిదానికి ఏళ్లు పడుతుంది, రెండోదానికి వారాలే దొరుకుతాయి.

అవసరం ఉందో లేదో ఎలా లెక్కేస్తారు?

దేశం మొత్తాన్ని 314 స్కూల్ ప్లానింగ్ ప్రాంతాలుగా విడగొట్టారు. ఒక్కో ప్రాంతంలో చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే భత్యం) రికార్డుల ప్రకారం ఎంతమంది పిల్లలున్నారు, ఇప్పుడున్న స్కూళ్లలో ఎంతమంది చదువుతున్నారు, పిల్లలు ఏ ప్రాంతం నుంచి ఏ ప్రాంతానికి వెళ్తున్నారు, కొత్త ఇళ్లు ఎన్ని వస్తున్నాయి, ఇవన్నీ మ్యాపుల మీద పెట్టి చూస్తారు. ఉన్న స్కూళ్లలో ఖాళీలు సరిపోతే కొత్తది ఉండదు. కొద్దిగా తక్కువైతే ఉన్న స్కూలుకే గదులు కడతారు. బాగా తక్కువైనప్పుడే కొత్త స్కూల్ మాట వస్తుంది. అలా 2018 ఏప్రిల్‌లో, నాలుగేళ్లలో 42 కొత్త స్కూళ్లు వస్తాయని ఒకేసారి ప్రకటించారు, వాటిలో 26 ప్రైమరీలు, 16 హైస్కూళ్లు.

మా చుట్టుపక్కల గేల్‌స్కోల్స్ నిండా పిల్లలున్నారు కదా, ఆ లెక్క చాలదా?

చాలాలి, కానీ చాలడం లేదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తాను. శాఖ లెక్క ప్రధానంగా సీట్ల లెక్క. ఒక ఊళ్లో మూడు ఐరిష్ మీడియం ప్రైమరీలున్నాయి అనుకోండి, ఏటా వంద మంది బయటికొస్తున్నారు, పక్కనే ఇంగ్లిష్ మీడియం హైస్కూల్లో వంద సీట్లు ఖాళీగా ఉన్నాయి. కాగితం మీద ఆ పిల్లలకు సీటు దొరికినట్టే, కొత్త స్కూల్ అక్కర్లేనట్టే. ఎనిమిదేళ్లు ఒక భాషలో చదివిన పిల్ల మర్నాటి నుంచి ఆ భాషను రోజుకొక్క పీరియడ్‌గా చూస్తుందన్న సంగతి ఆ లెక్కలో ఎక్కడా రాదు.

రెండో చిక్కు హద్దులది. ఇంగ్లిష్ మీడియం స్కూల్‌కి పిల్లలు ఒకే ప్లానింగ్ ప్రాంతం నుంచి వస్తే సరిపోతుంది. ఐరిష్ మీడియం హైస్కూల్‌కి నాలుగైదు ప్రాంతాల నుంచి వస్తారు. ఒక్కో ప్రాంతంలో విడిగా చూస్తే ముప్పై మందే ఉంటారు, అన్నీ కలిపితే ఒక స్కూల్ నిండుతుంది, కానీ లెక్కేసేది విడిగా. ఐరిష్ మీడియం చదువుల కోసం పనిచేసే సంస్థలు ఈ మాట చాలా కాలంగా చెబుతూనే ఉన్నాయి. మీరు మీ ప్రజాప్రతినిధికి ఉత్తరం రాస్తే ఈ రెండు విషయాలే రాయండి, భాష మీద ప్రేమ గురించి ఎంత రాసినా వాళ్లు ఒప్పుకుని పక్కన పెడతారు, హద్దుల సంగతికి మాత్రం జవాబు ఇవ్వక తప్పదు.

ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి?

మీ పెద్ద పాప జూనియర్ ఇన్ఫంట్స్‌లో, అంటే ప్రైమరీ మొదటి తరగతిలో, ఉన్నప్పుడే. ఎనిమిదేళ్లు చాలా ఎక్కువ అనిపిస్తుంది, కానీ ప్రకటన, పేట్రన్ (స్కూల్ బాధ్యత తీసుకునే సంస్థ) ఎంపిక, తాత్కాలిక భవనం అన్నీ కలిపితే అదేమీ ఎక్కువ కాదు. ఐదో క్లాసులో మొదలుపెట్టిన తల్లిదండ్రులు చాలావరకు తర్వాత వచ్చే పిల్లల కోసం పనిచేసినవాళ్లే అవుతారు, అది కూడా గొప్ప పనే, కానీ ముందే తెలిసి దిగడం మంచిది.

సంతకాలు సేకరిస్తే ఉపయోగం ఉంటుందా?

రాజకీయ ఒత్తిడికి ఉంటుంది, అధికారిక లెక్కకు ఉండదు. సంతకాల కంటే పట్టిక నయం: పిల్ల పుట్టిన సంవత్సరం, ఇప్పుడు చదివే బడి, ఇల్లు ఏ ప్రాంతంలో ఉంది, హైస్కూల్లో చేరే సంవత్సరం. పేర్లు, చిరునామాలు సేకరిస్తే డేటా రక్షణ చట్టం వర్తిస్తుంది, అందుకే కుటుంబాల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, లేకపోతే వివరాలు సంస్థల ద్వారానే సేకరించండి.

ఎవరిని కలవాలి?

మొదట గేల్‌ఇదఖస్. 1973లో వేరే పేరుతో మొదలైన ఈ సంస్థ ఐరిష్ మీడియం బడుల తరఫున మాట్లాడుతుంది, కొత్తవాటి కోసం తిరిగే తల్లిదండ్రుల కమిటీలకు దారి చూపిస్తుంది. తర్వాత స్కూల్ నడపగల సంస్థల్ని కలవండి, అంటే ఆన్ ఫొరస్ పాత్రూనఖ్తా, మీ ప్రాంతపు ఎడ్యుకేషన్ అండ్ ట్రెయినింగ్ బోర్డు. మూడోది మీ టీడీలు (పార్లమెంటు దిగువ సభ సభ్యులు), కౌన్సిలర్లు. పార్లమెంటులో ఒక టీడీ అడిగిన ప్రశ్నకు మంత్రి రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఆ జవాబులో మీ ప్రాంతం గురించి శాఖ దగ్గరున్న అంచనా ఏంటో బయటికొస్తుంది, ఫోన్లలో ఎన్నిసార్లు అడిగినా రాని సమాచారం అది. అన్ని గేల్‌స్కోల్స్ ప్రిన్సిపాళ్లనూ ఒకే కమిటీలోకి తెచ్చుకోండి, విడివిడిగా వెళ్తే ఎవరూ పట్టించుకోరు.

ఏనద్ ఇస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?

ఏనద్ అంటే ఇంగ్లిష్ మీడియం హైస్కూల్ లోపల నడిచే ఐరిష్ మీడియం విభాగం. కొత్త భవనం అక్కర్లేదు, త్వరగా మొదలవుతుంది, ప్రిన్సిపాల్ మనసు పెడితే బాగానే నడుస్తుంది. కానీ వరండాలో, క్యాంటీన్‌లో, స్టాఫ్‌రూమ్‌లో ఇంగ్లిషే వినిపిస్తుంది, పై తరగతులకు వెళ్లేకొద్దీ కొన్ని సబ్జెక్టులు ఐరిష్‌లో చెప్పేవాళ్లు దొరక్క ఇంగ్లిష్‌లోకి జారిపోతాయి. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను: చుట్టుపక్కల ఒక్క చిన్న గేల్‌స్కోలే ఉంటే ఒప్పుకోండి, మూడు నాలుగు ఉంటే ఒప్పుకునే ముందు అది సొంత స్కూల్‌గా మారే షరతును రాయించుకోండి, ఏ సబ్జెక్టులు ఎన్నో తరగతి దాకా ఐరిష్‌లో ఉంటాయో కూడా రాయించుకోండి. ఒకసారి ఏనద్ వచ్చాక 'మీకు ఐరిష్ మీడియం ఉంది కదా' అనే మాట మీ మీదకే వస్తుంది.

ఇప్పుడున్న ఇంగ్లిష్ స్కూల్నే ఐరిష్ మీడియంగా మార్చొచ్చా?

వీలుంది, కానీ ఆ స్కూల్ పేట్రన్ ముందుకు రావాలి, తల్లిదండ్రులు, టీచర్లతో సంప్రదింపులు జరగాలి, మంత్రి ఒప్పుకోవాలి. పిల్లలు తగ్గిపోతున్న స్కూల్ విషయంలో ఈ మాట ఎత్తడం తేలిక. అక్కడి టీచర్లలో ఎంతమంది ఐరిష్‌లో చెప్పగలరన్నదే అసలు ప్రశ్న.

## పేట్రన్‌ను ఎంచుకునే దశ

పేట్రన్ అంటే ఎవరు? డబ్బిచ్చేవాళ్లా?

కాదు. 1998 విద్యా చట్టం ప్రకారం పేట్రన్ అంటే స్కూల్‌కి బాధ్యత వహించే సంస్థ. స్కూల్ తీరు, విలువలు, భాష నిర్ణయించేది, మేనేజ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసేది అదే. జీతాలు, భవనం ప్రభుత్వానివి.

ఐరిష్ మీడియం హైస్కూల్‌కి పేట్రన్‌గా ఎవరు రావొచ్చు?

ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి 1993లో ఏర్పడిన ఆన్ ఫొరస్ పాత్రూనఖ్తా, ఐరిష్ మీడియం స్కూళ్లు మాత్రమే నడుపుతుంది. రెండోది ఎడ్యుకేషన్ అండ్ ట్రెయినింగ్ బోర్డులు, 2013 జులైలో పాత 33 వృత్తి విద్యా కమిటీల స్థానంలో వచ్చిన 16 ప్రభుత్వ సంస్థలు, ఇవి ఇంగ్లిష్ మీడియం, ఐరిష్ మీడియం రెండూ నడుపుతాయి. కలిసి నడిపిన సందర్భాలూ ఉన్నాయి, 2014లో మొదలైన మేనూత్ గేల్‌ఖొలాష్టె అలాంటిదే. ఫొరస్ అయితే భాష మీద రాజీ ఉండదు, బోర్డు అయితే స్థానికంగా ఆఫీసు, స్థలం, అనుభవం ఉంటాయి. మీ ఊళ్లో ఎవరు నిజంగా తిరుగుతున్నారో చూసి ఎంచుకోండి. ఇద్దరూ పోటీపడితే ఐరిష్ కోరుకునే ఓట్లు చీలే ప్రమాదం ఉంది, ముందే ఇద్దరితో మాట్లాడి ఒక్క దరఖాస్తు వెళ్లేలా చూడటం కమిటీ చేయగల అతి విలువైన పని.

మా ఇష్టాన్ని ఎక్కడ నమోదు చేయాలి?

విద్యాశాఖ దీనికోసం ఒక ఆన్‌లైన్ వ్యవస్థ నడుపుతోంది. ప్రాంతం ప్రకటించాక, పోటీలో ఉన్న సంస్థల వివరాలు అందులో పెట్టి కొన్ని వారాలు తెరిచి ఉంచుతారు. మీరు మీ వివరాలు ఇచ్చి ఏ పేట్రన్ కావాలో, ఏ భాషలో చదువు కావాలో చెప్పాలి. ఏ వయసు పిల్లలు లెక్కలోకి వస్తారన్నది ఆ ప్రకటనలోనే ఉంటుంది. ఇల్లు ఆ ప్లానింగ్ ప్రాంతంలో ఉండాలి, పిల్ల చదివే బడి ఎక్కడుందన్నది కాదు. గేల్‌స్కోల్ తల్లిదండ్రులు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే, దూరం నుంచి బడికి వచ్చే వాళ్ల మాట ఆ ప్రాంతం లెక్కలో పడకపోవచ్చు.

మేం పౌరులం కాదు, వర్క్ పర్మిట్ మీద ఉన్నాం. మా మాట లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. ఇది ఎన్నికల ఓటు కాదు, ఆ ప్రాంతంలో ఉంటున్న పిల్లల తల్లిదండ్రుల ప్రాధాన్యం. మన కుటుంబాలు చాలావరకు ఈ దశను వదిలేస్తున్నాయి, మనకెందుకులే అని. కొత్త ఇళ్ల కాలనీల్లో మనవాళ్లు ఎక్కువ, కొత్త స్కూళ్లు వచ్చేదీ అక్కడే, కాబట్టి మన నమోదు గట్టిగానే లెక్కకొస్తుంది.

ఎక్కువ మంది కోరితే ఖాయంగా వస్తుందా?

ఖాయం కాదు. తల్లిదండ్రుల ప్రాధాన్యానికి బరువు ఎక్కువే, దాంతోపాటు ఆ ప్రాంతంలో ఇప్పటికే ఏ రకం స్కూళ్లున్నాయి, వైవిధ్యం ఎంత, ఐరిష్ మీడియం ఎంత దూరంలో ఉంది అన్నవీ చూస్తారు. శాఖ ముందు మదింపు చేస్తుంది, న్యూ స్కూల్స్ ఎస్టాబ్లిష్‌మెంట్ గ్రూప్ అనే స్వతంత్ర సలహా బృందం దాన్ని పరిశీలించి సిఫార్సు చేస్తుంది, ఆఖరి నిర్ణయం మంత్రిది.

చట్టం ప్రకారం గుర్తింపుకు ఏం కావాలి?

1998 చట్టం 10వ సెక్షన్‌లో ఉంది. స్కూల్ నిలబడేంత మంది పిల్లలు రావాలి లేదా వచ్చే అవకాశం ఉండాలి, వాళ్ల అవసరాన్ని ఇప్పుడున్న స్కూళ్లు తగినట్టుగా తీర్చలేకపోవాలి, ప్రభుత్వ పాఠ్యప్రణాళిక నడపాలి, భవనం భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలి, తనిఖీకి ఒప్పుకోవాలి. 'అవసరాన్ని తీర్చలేకపోవాలి' అన్న మాట దగ్గరే మన వాదన నిలుస్తుంది: ఐరిష్‌లో చదివిన పిల్ల అవసరం సీటు మాత్రమేనా, ఐరిష్‌లో చదువు కొనసాగడమా? అదే చట్టం 6వ సెక్షన్ బడిలో, సమాజంలో ఐరిష్ వాడకం పెరగాలన్నది తన లక్ష్యాల్లో ఒకటిగా చెబుతోంది. ఉత్తరాల్లో రెండూ కలిపి రాయండి.

వేరే పేట్రన్‌కి వెళ్లిపోయింది. ఇక అంతేనా?

ఆ స్కూల్ వరకు అంతే అనుకోవాలి. కానీ వెంటనే మూడు పనులు చేయొచ్చు: మదింపు నివేదికలో ఐరిష్‌కి ఎంత మంది మొగ్గు చూపారో చూసి భద్రపరుచుకోండి, ఎంపికైన పేట్రన్‌ను ఏనద్ అడగండి, పక్క ప్లానింగ్ ప్రాంతాల్లో తర్వాతి ప్రకటన ఎప్పుడో కనుక్కోండి. కమిటీని రద్దు చేయొద్దు. ఓడిపోయిన కమిటీ దగ్గరుండే పట్టిక, పరిచయాలు తర్వాతి ప్రకటనకు ఎంత పనికొస్తాయో కొత్తగా మొదలుపెట్టేవాళ్లను అడిగితే తెలుస్తుంది.

## ఆమోదం వచ్చాక

ప్రకటించిన ఏడాదికే తెరుస్తారా?

చాలాసార్లు తెరుస్తారు, కొన్నిసార్లు వాయిదా పడుతుంది. 2018లో ప్రకటించిన వాటిలోనూ కొన్ని అనుకున్న ఏడాది తెరవలేదు, పిల్లల సంఖ్య అంచనాలు మారడం ఒక కారణం. అందుకే మొదటి ఏడాది పిల్లలకు రెండో స్కూల్లో కూడా దరఖాస్తు పెట్టి ఉంచండి. ఇది నమ్మకం లేక చేసే పని కాదు, జాగ్రత్త.

మొదట్లో ఎన్ని తరగతులుంటాయి, ఎక్కడ పెడతారు?

మామూలుగా ఫస్ట్ ఇయర్ ఒక్కటే. ఏటా ఒక తరగతి పెరుగుతూ అయిదారేళ్లకు నిండు స్కూల్ అవుతుంది. మొదలు తాత్కాలిక చోటులోనే, ప్రీఫ్యాబ్ గదులో, వేరే స్కూల్ ఆవరణో, ఖాళీగా ఉన్న పాత భవనమో. సొంత భవనానికి స్థలం వెతకడంలో కౌన్సిళ్లు సాయం చేసేలా 2012లో శాఖతో ఒప్పందం ఉంది, అయినా స్థలం కొనడం, ప్లానింగ్ అనుమతి, దానిపై అప్పీళ్లు, టెండర్లు అన్నీ దాటేసరికి మొదటి బ్యాచ్ లీవింగ్ సర్ట్ రాసేసినా ఆశ్చర్యం లేదు. మొదటి బ్యాచ్‌లో చేర్చే తల్లిదండ్రులు ఇది తెలిసే చేర్చాలి. దానికి బదులు దొరికేదీ ఉంది, చిన్న స్కూల్లో ప్రతి టీచర్‌కి ప్రతి పిల్ల పేరుతో తెలుసు, స్కూల్ అలవాట్లన్నీ ఆ పిల్లలే ఏర్పరుస్తారు.

టీచర్లు దొరుకుతారా?

కష్టంగానే దొరుకుతారు, ముఖ్యంగా ఫిజిక్స్, లెక్కలు, హోమ్ ఎకనామిక్స్‌కి. టీచింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండి, సబ్జెక్టు వచ్చి, దాన్ని ఐరిష్‌లో చెప్పగలగాలి, మూడూ ఒకరిలో ఉండటం అరుదు. గాల్వే యూనివర్సిటీలో ఐరిష్ మీడియంలోనే టీచర్ శిక్షణ కోర్సు ఉంది. ఓపెన్ ఈవెనింగ్‌కి వెళ్లినప్పుడు 'ఏ సబ్జెక్టులు ఉన్నాయి' అని అడగొద్దు, 'ఏ సబ్జెక్టులు ఐరిష్‌లో చెబుతున్నారు' అని అడగండి.

ఐరిష్‌లో పుస్తకాలు ఉన్నాయా?

ప్రధాన సబ్జెక్టులకు ఉన్నాయి. 1920ల నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ ప్రచురణ సంస్థ ఆన్ గూమ్, 2002లో ఏర్పడిన కాగ్ అనే విద్యా మండలి వీటి వెనక ఉన్నాయి. సిలబస్ మారినప్పుడు ఇంగ్లిష్ పుస్తకం ముందొచ్చి ఐరిష్ది ఆలస్యంగా రావడం మాత్రం ఇంకా ఉంది.

స్కూల్ దూరం. బస్సు వస్తుందా?

ప్రభుత్వ స్కూల్ బస్సు పథకంలో అర్హత చూసేటప్పుడు దగ్గరి స్కూల్ ఏదన్నది భాషను కూడా దృష్టిలో పెట్టుకునే నిర్ణయిస్తారు. అంటే పక్కనే ఇంగ్లిష్ మీడియం స్కూల్ ఉందన్న కారణంతో మీ దరఖాస్తు తోసేయకూడదు. గడువు తేదీ దాటితే అర్హత ఉన్నా సీటు ఖాయం కాదు, అందుకే స్కూల్ అడ్మిషన్ తేలకముందే బస్సుకు దరఖాస్తు పెట్టండి.

## ఉత్తర ఐర్లాండ్‌లో అయితే

బెల్‌ఫాస్ట్‌లో కూడా ఇదే పద్ధతా?

కాదు, అది యునైటెడ్ కింగ్‌డమ్ పరిధి, చట్టం వేరు. అక్కడ ఎవరైనా డెవలప్‌మెంట్ ప్రపోజల్ పెట్టొచ్చు. అంటే స్కూల్ కావాలన్న ప్రతిపాదన కింది నుంచి రావొచ్చు, దక్షిణాన లేని వెసులుబాటు ఇది. ఎడ్యుకేషన్ అథారిటీ దాన్ని ప్రచురిస్తుంది, రెండు నెలలు అభ్యంతరాలు, మద్దతు లేఖలు తీసుకుంటారు, చివరికి విద్యామంత్రి నిర్ణయిస్తారు. తల్లిదండ్రులకు సాయం చేసే సంస్థ 2000లో ఏర్పడిన కోర్లె న గేల్‌స్కొలీఖ్త.

అక్కడ ఐరిష్ హైస్కూళ్లు ఎలా మొదలయ్యాయి?

ప్రభుత్వ సాయం లేకుండా. బెల్‌ఫాస్ట్‌లో 1991లో 9 మంది పిల్లలతో మొదలైన స్కూల్‌కి ప్రభుత్వ నిధులు వచ్చింది కొన్నేళ్ల తర్వాత, అదే ఇప్పటి కొలాష్టె ఫెర్ష్టె. 1998 శాంతి ఒప్పందం తర్వాత ఐరిష్ మీడియం చదువును ప్రోత్సహించి, వీలు కల్పించడం విద్యాశాఖ బాధ్యతగా చట్టంలోకి వచ్చింది. ఆ మాట అలంకారం కోసం రాసింది కాదని 2011లో బెల్‌ఫాస్ట్ హైకోర్టు తేల్చింది. దూరం నుంచి వచ్చే కొలాష్టె ఫెర్ష్టె పిల్లల బస్సుల కేసులో శాఖ ఆ బాధ్యతకు తగిన విలువ ఇవ్వలేదని తీర్పు వచ్చింది.

పిల్లలు తక్కువున్నా ఆమోదించిన సందర్భం ఉందా?

ఉంది. డెరీ కౌంటీలోని డన్‌గివెన్‌లో గేల్‌ఖొలాష్టె గురించి శాఖ అధికారులు వద్దని సలహా ఇచ్చినా, అప్పటి విద్యామంత్రి జాన్ ఓడౌడ్ 2014 డిసెంబర్‌లో ఆమోదించారు. 2015 సెప్టెంబర్‌లో డన్‌గివెన్ కోటలో తరగతులు మొదలయ్యాయి. ఇలాంటి నిర్ణయం కోసం ప్రతిపాదన రాసేటప్పుడు మొదటి ఏడాది సంఖ్య ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న ఐరిష్ ప్రైమరీల్లో ఏ తరగతిలో ఎంతమంది ఉన్నారో, ఏడేళ్లలో ఎంతమంది అవుతారో ఏడాదివారీగా చూపించండి, రెండు నెలల గడువులో ప్రతి కుటుంబం చేత సొంత మాటల్లో మద్దతు లేఖ పంపించండి.